ఇన్‌టేక్ వాల్వుకు వెనుక వాలు వేయించండి

భీమవరం చుట్టుపక్కల చెరువుల దగ్గర, కాలువ గట్ల మీద డీజిల్ ఇంజిన్లు వాడేవారికి ఒక మాట. ఈసారి హెడ్డు దించి వాల్వులు గ్రైండింగ్‌కు ఇచ్చినప్పుడు, ఇన్‌టేక్ వాల్వు (ఇంజిన్‌లోకి గాలి వదిలేది) ఆనే సీటు 45 డిగ్రీలదైతే, వాల్వుకు కాడ వైపున, సీటుకు ఆనే అంచు వెనుక, 30 డిగ్రీల వాలు కూడా వేయించండి. పెద్ద వాల్వు పెట్టించడం కన్నా ఇదే నయం. వాల్వు కొద్దిగా తెరుచుకున్నప్పుడే గాలి పదునైన మూలకు తగిలి సుడి తిరగకుండా లోపలికి జారుతుంది. సీటుకు ఆనే పట్టీ మాత్రం సుమారు 1.5 మిల్లీమీటర్లు మిగలాలి. వాల్వు అంచుకు నీలిరంగు పూసి సీటులో తిప్పితే చుట్టూ తెగని గీత పడాలి. చేతి గ్రైండరుతో అసలు వద్దు, యంత్రం మీదే చేయించండి. పొగను బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వు జోలికి వెళ్లకండి: దాని వేడి ఎక్కువగా దిగేది సీటు ద్వారానే, పట్టీ సన్నబడితే అంచు కాలిపోతుంది.