మాజీ సైనికుడైన తండ్రి జీవిత విశేషాలు రాయడం ఎలా?

పెద్దకర్మ నాడు పంచే సంస్మరణ పత్రం సిద్ధం చేయడానికి కుటుంబానికి పట్టుమని పది రోజులు కూడా ఉండవు కనుక, ఎనభై తొంభై ఏళ్ల జీవితం చాలాసార్లు 'దేశసేవలో తరించిన ధన్యజీవి' అన్న ఒక్క మాటతో ముగిసిపోతుంది. తాడేపల్లిగూడెం దగ్గరి మిలటరీ మాధవరం వంటి ఊళ్లలో ఆ మాట ఏ ఇంటి పెద్దకైనా సరిపోతుంది. అందుకే అది మీ నాన్నగారి గురించి ఏమీ చెప్పదు.

ముందుగా ఆయన ట్రంకు పెట్టె తెరిచి డిశ్చార్జి పుస్తకం వెతకండి. సర్వీసు నంబరు, చేరిన తేదీ, విడుదలైన తేదీ, చివరి హోదా, పొందిన పతకాలు అందులో ఉంటాయి. మా నాన్నగారు 1965 యుద్ధంలో పోరాడారని పెదనాన్నగారు చెప్పగా నమ్మి, మేము పత్రంలో అలాగే అచ్చు వేయించాము. వారం తరువాత పుస్తకం తీసి చూస్తే ఆయన సైన్యంలో చేరినదే 1966లో. ఆ మాట ఆయన నోట ఏనాడూ రాలేదన్న సంగతి అప్పుడు గాని మాకు తట్టలేదు.

పతకాలను చింతపండుతో తోమకండి. అంచు మీద సన్నగా చెక్కిన నంబరు, పేరు అరిగిపోతాయి. 1971 యుద్ధానికి సంబంధించి తూర్పు రంగంలో పనిచేసినవారికి పూర్వీ స్టార్, పడమటి రంగంలో పనిచేసినవారికి పశ్చిమీ స్టార్ ఇచ్చారు కాబట్టి, ఆయన ఏ వైపున ఉన్నారో పతకమే చెబుతుంది. స్వాతంత్ర్యం వచ్చి 25 ఏళ్లయిన సందర్భంగా 1972లో ఇచ్చిన పతకం మాత్రం అప్పట్లో సర్వీసులో ఉన్నవారందరికీ దక్కింది. దానిని సాహస పతకమని రాయకూడదు.

పుస్తకం దొరకకపోతే సర్వీసు నంబరుతో ఆయన విభాగపు రికార్డు ఆఫీసుకు రాయవచ్చు: ఈఎంఈ (సైన్యపు వాహనాలు, యంత్రాలు, ఆయుధాల మరమ్మతు చూసే విభాగం) వారిది సికింద్రాబాదులో, ఆర్టిలరీ (ఫిరంగి దళం) వారిది నాసిక్‌లో, మద్రాస్ రెజిమెంటుది వెల్లింగ్టన్‌లో ఉన్నాయి. దరఖాస్తుకు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం వారు సాయం చేస్తారు. జవాబు పెద్దకర్మకు అందదు; సంవత్సరీకానికి అందితే సంతోషించాలి.

కాగితాల పని తీరాక అమ్మగారి దగ్గర కూర్చోండి. చుట్టాలందరి మధ్య అడిగితే ఆమె 'ఏముంది, మంచి మనిషి' అని ఊరుకుంటారు. మధ్యాహ్నం వేళ పాత ఫొటో ఒకటి చేతికిచ్చి, ఇది ఏ సెలవులో తీయించుకున్నారని అడిగితే మాట దానంతట అదే సాగుతుంది. పిల్లల పుట్టినరోజులను బట్టి మిలటరీ ఆయన సెలవులు లెక్కగట్టవచ్చని పెద్దవాళ్లు నవ్వుతూ అంటారు; మా ఇంట ఆ లెక్క నెల కూడా తప్పలేదు.

జవానుగా ఆయన గడిపినవి పదిహేను ఇరవై ఏళ్లయితే, ఇంటికి వచ్చాక గడిపినవి నలభై ఏళ్ల పైమాటే. సంసారాన్ని ఈడ్చిన ఆ రెండో ఉద్యోగం, అది బ్యాంకు కాపలా కానివ్వండి, కౌలు సేద్యం కానివ్వండి, పత్రంలో యుద్ధంతో సమానంగా చోటు పొందాలన్నది నా అభిప్రాయం. మా నాన్నగారు చివరి ఏడాది వరకు దుప్పటిని నాలుగు అంచులూ కలిసేలా మడిచి మంచం తలవైపు పెట్టేవారు. ఒకటో తారీఖున పింఛను తెచ్చి, మనవరాలి ఫీజు డబ్బు వేరే కవరులో పెట్టి, పైన పెన్సిలుతో మొత్తం రాసేవారు. ఎన్ని విశేషణాలు వాడినా ఈ రెండు వాక్యాలు చేసే పని చేయవు. యుద్ధం గురించి ఆయన మాట్లాడకపోతే, మాట్లాడలేదనే రాయండి.

ప్రెస్సుకు డిశ్చార్జి పుస్తకం జిరాక్సు మాత్రమే ఇవ్వండి. అమ్మగారి ఫ్యామిలీ పింఛను పనికి అసలు ప్రతి కావాలి. అచ్చుకు ముందు పత్రమంతా ఆమెకు పైకి చదివి వినిపించి, ఆమె 'అలా కాదు' అన్న ప్రతి చోటా కలం పెట్టండి.