సీసపు బులెట్‌కు కాగితం చుట్టే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

వేసవి గురి పోటీలు మొదలయ్యే ముందు, నల్ల తుపాకీమందు (బ్లాక్ పౌడర్) రైఫిళ్లు వాడే అమెరికా తెలుగువారిలో కొందరు పోత పోసిన సీసపు బులెట్లకు స్వయంగా కాగితం చుట్టుకోవడానికి కూర్చుంటారు. 1874లో లాంగ్ ఐలండ్‌లోని క్రీడ్‌మూర్ మైదానంలో 800, 900, 1,000 గజాల దూరాల మీద జరిగిన పోటీలో, మూతి నుంచి మందు కూరే తుపాకులతో వచ్చిన ఐరిష్ జట్టును వెనుక నుంచి తూటా (మందు, బులెట్ కలిపి కూర్చినది) పెట్టే రైఫిళ్లతో అమెరికన్లు 934–931 స్కోరుతో గెలిచారు. ఆ కాలపు దూరపు గురి రైఫిళ్లకు కాగితం చుట్టిన బులెట్లే వాడుక, ఇప్పటి పోటీలు ఆ పద్ధతికి కొనసాగింపే. కాగితం మెత్తని సీసాన్ని గొట్టపు ఉక్కుకు తగలనీయకుండా కాపాడి, మూతి దాటగానే చీలి రాలిపోవాలి. అలా రాలిపోని కాగితం ఎంత నాణ్యమైనదైనా మనకు పనికిరాదు. కాగితం ఎంపికలో ఈ సంగతినే ముందు చూడాలని నా అభిప్రాయం.

ఈ మాటలు ఆయా రాష్ట్రాల చట్టాలకు లోబడి ఈ పని చేసేవారికి మాత్రమే ఉద్దేశించినవి. భారతదేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం నేరం కాబట్టి, ఇక్కడ నేర్చుకున్నది ఊరికి వెళ్లినప్పుడు చేసి చూపాలన్న ఆలోచన పెట్టుకోకూడదు.

మొదట మందం సంగతి చూద్దాం. బులెట్ చుట్టూ కాగితం రెండు చుట్లు తిరిగితే, ఇటు రెండు పొరలు, అటు రెండు పొరలు, మొత్తం నాలుగు పొరలు వ్యాసానికి కలుస్తాయి. బులెట్‌ను తిప్పడానికి గొట్టం లోపల మెలికగా కోసిన పల్లాలు గాడులు, వాటి మధ్య మిగిలిన ఎత్తులు గట్లు. సాధారణంగా .45 రైఫిల్ గొట్టంలో గట్ల మీదుగా కొలత 0.450 అంగుళం, గాడుల అడుగున 0.458 అంగుళం ఉంటుంది. గట్ల కొలతకు సరిపోయేలా చుట్టదలచినవారు 0.442 అంగుళాల బులెట్ తీసుకుంటే, 0.002 అంగుళం మందమున్న కాగితం నాలుగు పొరలకు 0.008 కలిసి సరిగ్గా 0.450 అవుతుంది. అదే బులెట్‌కు ఇంట్లో ప్రింటరులో పెట్టే కాగితం చుట్టారనుకోండి, దాని మందం సుమారు 0.004 కాబట్టి మొత్తం 0.458కి చేరి, గట్ల మధ్య జారి కూర్చోవలసిన బులెట్‌ను బలవంతంగా తోయవలసి వస్తుంది. బలవంతంగా తోసి మూసిన తూటాను పేల్చకూడదు, బయటకు తీసి పక్కన పెట్టాలి.

ఒక్క కాగితాన్ని మైక్రోమీటరులో (సన్నని మందాలు కొలిచే మరబిగింపు పరికరంలో) పెట్టి చూసిన అంకెను నమ్మవద్దు. మొదటి ఏడాది నేను అలాగే నమ్మి, వేలు కొంచెం గట్టిగా బిగించినందువల్ల తక్కువగా వచ్చిన కొలతతో రెండు వందల ముక్కలు కోసి, చివరికి అన్నీ చెత్తబుట్టలో వేశాను. అదే షీటు నుంచి కోసిన పది ముక్కలను ఒకదాని మీద ఒకటి పేర్చి, మైక్రోమీటరు చివర బిగింపు మితిమీరకుండా ఆపే రాట్చెట్ టిక్కుమనే వరకు మాత్రమే తిప్పి, వచ్చిన అంకెను పదితో భాగించాలి. 0.019 వస్తే కాగితం 0.0019 అన్నమాట. ఇది కూడా చివరి మాట కాదు, కాగితాన్ని తడిపి చుడతాం, అలా తడిసి సాగిన కాగితం ఆరాక ఇంకొంచెం మారుతుంది కాబట్టి చుట్టిన బులెట్‌ను రాత్రంతా ఆరబెట్టి మళ్లీ కొలిచి చూడాలి.

ఇక కాగితం దేనితో తయారైందో చూడాలి. పత్తి పీచుతో చేసిన కాగితానికి పీచు పొడవుగా ఉంటుంది, తడిసినప్పుడు చేతిలో పిండిలా విడిపోదు, లాగి చుట్టినా తెగదు. ఒకప్పుడు మన కార్యాలయాలలో టైపు మిషను మీద కార్బన్ కాపీలకు వాడిన, పట్టుకుంటే గలగలమనే పలుచని ఉల్లిపొర కాగితం చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఈ పనికి ఆ జాతి కాగితం చక్కగా నప్పుతుంది. చిత్రలేఖన సామగ్రి దుకాణాలలో దొరికే పలుచని ట్రేసింగ్ కాగితం కూడా వాడుకలో ఉంది, కానీ నీళ్లు తగలగానే అది అలలు తేలి ముడుచుకుంటుంది, అలవాటు పడేవరకు విసిగిస్తుంది. గాలిపటాల కాగితం పలుచదనం చూసి మోసపోవద్దు, తడిపి లాగితే చేతికి ముక్కలే వస్తాయి.

తెల్లగా మెరవడం కోసం, అచ్చు వెనుకవైపు కనబడకుండా ఉండడం కోసం నేటి కాగితాలలో సుద్ద, బంకమన్ను, కొన్నిటిలో టైటానియం డయాక్సైడు కలుపుతారు. సుద్ద మెత్తనిదే, దాని గురించి భయపడేవారు కాస్త ఎక్కువగా భయపడుతున్నారనిపిస్తుంది. టైటానియం డయాక్సైడు మాత్రం గట్టి ఖనిజం, వేల తూటాలు కాల్చే గొట్టంలో అలాంటి పొడి పదేపదే రుద్దుకోవడం నాకు ఇష్టం లేదు. మెరుపు పూత ఉన్న పత్రికల కాగితాన్ని ఈ కారణంగానే పక్కన పెట్టాలి. మైనం పూసినవి, వంటింట్లో బేకింగుకు వాడే సిలికాన్ పూత కాగితాలు నీటిని పీల్చవు కాబట్టి బులెట్‌కు అంటుకొని బిగుసుకోవు. మంట వేగంగా అంటుకోవడానికి రసాయనంతో తయారు చేసిన నైట్రేటు కాగితాన్ని ఎట్టి పరిస్థితిలోనూ వాడకూడదు. అది మందు నింపే కాగితపు తూటాల వ్యవహారం, బులెట్‌కు చుట్టే కాగితంతో దానికి సంబంధం లేదు.

కాగితానికి బట్టలాగానే నిలువు పోగు, అడ్డపోగు ఉంటాయి. ఒక ముక్కను చేత్తో చించితే నిలువు పోగు వెంట తిన్నగా చిరుగుతుంది, అడ్డంగా చించితే వంకరటింకరగా పోతుంది. తడిసినప్పుడు కాగితం ఎక్కువగా సాగేది అడ్డపోగు వైపు, ఆరినప్పుడు ముడుచుకునేదీ అటువైపే. అందువల్ల నిలువు పోగు బులెట్ పొడవు వెంట ఉండేలా ముక్కలు కోస్తే, చుట్టూ తిరిగే దిక్కు సాగి మళ్లీ బిగుస్తుంది. పైగా గట్ల అంచులు కాగితాన్ని పొడవునా కోసినప్పుడు అది పీలికలుగా విడిపోవడానికి ఈ కోత అనుకూలిస్తుంది. ముక్క రెండు చివరలు ఒకదానినొకటి తాకీ తాకనట్టు కలవాలి, ఒకదాని మీద ఒకటి ఎక్కితే ఆ ఒక్క చోట మందం పెరిగి బులెట్ ఒక పక్కకు ఒరుగుతుంది. పొడవును బట్టి ఐదారు నమూనాలు కోసి చుట్టి చూసుకొన్న తరువాతే మిగతావి కోయండి.

కాగితాన్ని నోటితో తడిపే అలవాటు కొందరికి ఉంది. 1857 నాటి తిరుగుబాటు పాఠంలో ఎన్‌ఫీల్డ్ తూటాలను పళ్లతో కొరకడం గురించి మనమందరం చదివాం. ఆ తూటాలోని బులెట్ కూడా కాగితం చుట్టుకొనే గొట్టంలోకి దిగేది. అక్కడ గొడవ కొవ్వు గురించి, ఇక్కడ సీసం గురించి. ఒక చేత్తో బులెట్, మరో చేత్తో కాగితం పట్టుకొని గంటలపాటు కూర్చునే పనిలో నాలుకతో తడిపితే ప్రతి ముక్కతోనూ సీసం కొంత కడుపులోకి చేరుతుంది. చిన్న గిన్నెలో నీళ్లు పెట్టుకోండి, ఆ గిన్నెను మళ్లీ వంటింటికి తీసుకెళ్లవద్దు. బల్ల దగ్గర టీ, కారప్పూస వంటివి పెట్టుకోకూడదు. పని ముగిశాక చేతులు సబ్బుతో కడుక్కొని, ఆ బట్టలు పిల్లల బట్టలతో కలపకుండా వేరుగా ఉతకాలి. పిల్లల రక్తంలో సీసానికి అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2021లో పెట్టుకొన్న హెచ్చరిక గీత డెసిలీటరుకు 3.5 మైక్రోగ్రాములు, అంతకు దిగువన ఉన్నా సురక్షితమని చెప్పగల స్థాయి ఏదీ లేదు. బులెట్లు తామే పోసుకొనేవారు 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగే ఆ సీసంలో ఒక్క నీటి చుక్క పడినా అది ఆవిరై వేడి లోహాన్ని ముఖం మీదికి చిమ్ముతుందని గుర్తుంచుకొని, కాగితం తడిపే నీటి గిన్నెను, సీసం కరిగించే కుండను ఒకే గదిలో కూడా ఉంచకూడదు.

మైదానంలో తొలి ఐదు తూటాలూ పరీక్ష కోసమే అనుకోవాలి. కాల్చడం ఆపమని రేంజి అధికారి ప్రకటించాక మూతికి ముందు కొన్ని గజాల దూరంలో నేల మీద వెతకండి. సన్నని పీలికలు కనిపిస్తే కాగితం తన పని చేసినట్టే. ఉంగరంలా గుండ్రంగా మిగిలిన ముక్క దొరికితే, లేదా అసలు ఏమీ దొరకకపోతే, తరువాతి తూటా పెట్టకుండా రైఫిల్ తెరిచి వెనుక నుంచి వెలుతురులో గొట్టం చూడాలి. తూటా గది అంచున కాగితపు ఉంగరం ఇరుక్కొని ఉండడం అరుదు కాదు. దాని మీద మరో తూటాను నొక్కి మూయడం ప్రమాదం కాబట్టి శుభ్రపరిచే కడ్డీతో తీసిన తరువాతే ముందుకు సాగాలి. ఉంగరం రెండోసారి కూడా మిగిలితే లోపం కాగితానిదో, దాని పొడవుదో తేల్చుకోవడం ఇంటి బల్ల దగ్గర చేయవలసిన పని, ఆ రోజుకు కాల్చడం ఆపేయండి.

రాలిన పీలికలలో కొన్ని నిప్పుతో ఉంటాయి. పడమటి రాష్ట్రాలలో జూన్ తరువాత గడ్డి వరిగడ్డిలా ఎండి ఉంటుంది, అమెరికా జాతీయ వాతావరణ సంస్థ రెడ్ ఫ్లాగ్ హెచ్చరిక (కార్చిచ్చు సులభంగా వ్యాపించే వాతావరణమని చెప్పేది) ఇచ్చిన రోజున నల్ల తుపాకీమందు రైఫిల్ పెట్టె తెరవకపోవడమే మేలు. మిగతా రోజుల్లో నీళ్లు నింపిన స్ప్రేయరు పక్కనే ఉంచుకొని, వెళ్లే ముందు మూతికి ముందున్న నేలను ఒకసారి నడిచి చూడాలి.

మైదానానికి తీసుకెళ్లిన సంచినే ఊరి ప్రయాణానికి సర్దుకొనేవారు అరలన్నీ బోర్లించి దులపండి. మూలన ఇరుక్కొన్న ఒక్క తూటా విమానాశ్రయంలో ఎక్స్‌రేలో కనబడితే ఆయుధాల చట్టం కింద కేసు పెట్టవచ్చు, దాని నుంచి బయటపడడానికి సెలవులు చాలవు. మందం, తేదీ రాసి పెట్టిన కాగితపు కట్టను మాత్రం పొడిగా ఉండే డబ్బాలో భద్రపరచండి, అదే కట్ట నుంచి వచ్చే ఏడాది కూడా కోయవలసి ఉంటుంది.