ఆస్తి పన్ను పెంపుపై అభ్యంతరం ఎలా రాయాలి?

‘పన్ను పెంచొద్దు’ అని వంద సంతకాలతో ఇచ్చిన వినతిపత్రాన్ని మున్సిపాలిటీలో ఒక్క వాక్యంతో పక్కన పెట్టేయొచ్చు. లెక్క వేసి చూపిన కాగితాన్ని అంత తేలిగ్గా తోసెయ్యలేరు.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 నవంబరు నాటి జీవో 198తో అద్దె విలువ పద్ధతి పోయి, 2021 ఏప్రిల్ నుంచి మూలధన విలువ (స్థలం, కట్టడం కలిపిన విలువ) మీద పన్ను వచ్చింది. నివాసాలకు 0.10 నుంచి 0.50 శాతం, మిగతా వాటికి 0.20 నుంచి 2 శాతం. ఆ హద్దుల్లో ఎంత వేయాలన్నది కౌన్సిల్ తీర్మానం. కాబట్టి రేటు మీద అభ్యంతరమైతే ముసాయిదా నోటిఫికేషన్ గడువులోపే కమిషనర్ పేరిట ఇవ్వాలి. మీ ఇంటి కొలత తప్పు పడితే అది వేరు. నోటీసు అందాక రివిజన్ పిటిషన్ (లెక్క మళ్లీ పరిశీలించమనే అర్జీ) పెట్టాలి. రెండూ ఒకే కాగితంలో కలిపితే రెండూ తేలవు.

శాతాలు చిన్నవిగా కనిపించి మోసం చేస్తాయి. 20 లక్షల విలువైన ఇంటికి 0.12 శాతమైతే ఏడాదికి 2,400 రూపాయలు, 0.15 అయితే 3,000. అంటే పాతిక శాతం పెంపు! పెంపు పాత పన్నులో 15 శాతం దాటకూడదన్న పరిమితినీ పూర్తిగా నమ్ముకోవద్దు. ఏటా 15 శాతం చొప్పున పెరిగితే 2,000 రూపాయల పన్ను మూడేళ్లలో 3,042 అవుతుంది. అభ్యంతరంలో ఈ మూడేళ్ల లెక్క చూపండి.

ఇంటి నోటీసులో ముందు చూడాల్సినవి: ప్లింత్ ఏరియా (కట్టడం విస్తీర్ణం), రేకులా శ్లాబా, నివాసమా వాణిజ్యమా. షాపు ఖాళీ చేసి ఏళ్లయినా రికార్డులో షట్టర్ అలాగే ఉండిపోతుంది. సందులోని ఇంటికి మెయిన్ రోడ్డు మార్కెట్ విలువ వేయడం మరో తప్పు. రిజిస్ట్రేషన్ శాఖ విలువతో సరిచూసి, ఆ పేజీ ప్రింట్ జతచేయండి. అసెస్‌మెంట్ నంబరు తప్పనిసరి.

బడ్జెట్ గురించి అడగాలంటే డీసీబీ పట్టిక కావాలి: డిమాండ్ ఎంత, వసూలెంత, బకాయి ఎంత. పెద్ద బకాయిలు వదిలేసి రేటు పెంచుతున్నారా అన్నది అందులో తేలుతుంది. సమాచార హక్కు దరఖాస్తుకు ఫీజు 10 రూపాయలే గానీ జవాబుకు 30 రోజులు పట్టొచ్చు. అందుకే బడ్జెట్ సమావేశం ముంచుకొచ్చాక కాకుండా డిసెంబరులోనే పెట్టండి. జవాబు అందగానే నకలు మీ వార్డు సభ్యుడికివ్వండి. సమావేశంలో మాట్లాడేది ఆయనే, మీరు కాదు.

కాగితం ఇచ్చాక తేదీతో ముద్ర, ఇన్‌వార్డు నంబరు వేయించుకోండి. అభ్యంతరం పెట్టామని పన్ను ఆపొద్దు. ఆలస్యమైతే నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది.