లాకుల నీటిలాంటి లెక్కలో గంట ఆకారాన్ని చూడడం ఎలా?

కోనసీమలో ఏదైనా కాలువ లాకుల దగ్గర కాసేపు నిలబడండి. తలుపు కింద నుంచి నీరు ఎగదన్నే చోట రెండు కొబ్బరి పీచులను పక్కపక్కనే వదిలితే, నాలుగు సుళ్లు దాటేసరికి ఒకటి గట్టుకు చేరుతుంది, రెండోది గుర్రపుడెక్కలో చిక్కుకుంటుంది. అయినా ఆ కాలువలో ఎన్ని క్యూసెక్కులు పారుతున్నాయో చెప్పడానికి ఏ పీచు వెంటా పడనక్కరలేదు. మొదట్లో ఉన్న చిన్న తేడా కూడా త్వరలోనే పెద్దదైపోయే లెక్కలను కేయాస్ అంటారు. ఆ కేయాస్ గణితంలోని సంభావ్యతా సిద్ధాంతాలు చెప్పేది దాదాపు ఇదే: ఒక్కోదాన్నీ ఊహించలేకపోయినా మొత్తాన్ని ఊహించవచ్చు. నమ్మకం కుదరాలంటే మీరే చేసి చూడండి. ఎక్సెల్ ఉన్న కంప్యూటర్, ఒక సాయంత్రం చాలు.

ముందు లెక్క నేర్చుకోండి. 0కి, 1కి మధ్య ఒక సంఖ్య తీసుకుని, దాన్ని 1లోంచి తీసివేయండి. మిగిలినదాన్ని మొదటి సంఖ్యతోనూ, ఆపైన 4తోనూ గుణించండి. వచ్చిన జవాబుతో మళ్లీ అదే పని. ఇలా ఒక్కోసారి చేయడాన్ని ఒక అడుగు అందాం. 0.3తో మొదలుపెడితే 0.84, 0.5376, 0.9943, 0.0225 వస్తాయి. గణితవేత్తలు ఉలాం, ఫాన్ నాయ్‌మన్ 1947లోనే యాదృచ్ఛిక సంఖ్యల కోసం ఈ సూత్రాన్ని సూచించారు. 0.3001తో మరో వరస నడిపించండి. ఇరవై అడుగులు వెళ్లేసరికి రెండింటికీ పొంతన ఉండదు. 0.5, 0.75 మాత్రం వద్దు: మొదటిది 1 మీదుగా 0కు పడిపోతుంది, రెండోది కదలదు.

ఇప్పుడు 0కి, 1కి మధ్య యాదృచ్ఛిక సంఖ్యనిచ్చే ర్యాండ్ (RAND) ఫార్ములాతో పై వరసలో వెయ్యి సంఖ్యలు నింపండి. వెంటనే వాటిని కాపీ చేసి విలువలుగా అతికించండి, లేకపోతే ప్రతి మార్పుకూ సంఖ్యలు మారిపోతాయి. ఒక్కో సంఖ్య కింద 850 అడుగులు నడిపించి, మొదటి 50 వదిలేయండి.

మిగిలినవాటిలో మొదటి 8 అడుగుల మొత్తం, 32 అడుగుల మొత్తం, 200, 800 అడుగుల మొత్తాలు విడివిడిగా కట్టండి. సగటు 4, 16, 100, 400 దగ్గర, ప్రామాణిక విచలనం (సగటు చుట్టూ విలువలు ఎంత చెదురుతాయో చెప్పే కొలత) 1, 2, 5, 10 దగ్గర ఉంటుంది. 800 అడుగుల మొత్తాల్లో ఏ విలువ ఎన్నిసార్లు వచ్చిందో పటం గీస్తే గంట ఆకారం కనిపిస్తుంది. వెయ్యిలో సుమారు 680 మొత్తాలు 390కి, 410కి మధ్యే పడతాయి. చాలా సంఖ్యల మొత్తాలు ఇలా గంట ఆకారంలో పోగుపడతాయని చెప్పేదే కేంద్రీయ అవధి సిద్ధాంతం.

అసలు అందం ఇక్కడి నుంచి. నాలుగు మొత్తాలకూ స్క్యూ (SKEW) ఫార్ములా వేయండి, గంట ఎటు, ఎంత ఒరిగిందో అది చెబుతుంది. సుమారుగా −0.66, −0.36, −0.15, −0.07 రావాలి, నమూనాను బట్టి కాస్త అటూఇటూ. గంట ఎడమకు తోక లాగుతోందన్నమాట. అడుగులు నాలుగు రెట్లయితే ఒరుగు దాదాపు సగమవుతుంది. అభిసరణ రేటు, అంటే అసలు గంట ఆకారానికి చేరువయ్యే వేగం, ఇదే: దానితో ఉన్న తేడా అడుగుల సంఖ్య వర్గమూలానికి విలోమంగా తగ్గుతుంది.

ఈ ఒరుగు ఎక్కడిది? ఒక్కో అడుగు విలువల పటం గీయండి: రెండు చివరలా ఎత్తుగా, మధ్యలో పల్లంగా, ఇరువైపులా సమానంగా ఉంటుంది. పక్కపక్క అడుగుల మధ్య సహసంబంధం (ఒకటి పెరిగితే రెండోది కూడా పెరుగుతుందా, తగ్గుతుందా అనే కొలత) చూస్తే దాదాపు సున్నా. అంటే ఒరగడానికి కారణమేదీ పైకి కనిపించదు. ఇప్పుడు ఒకే నిలువు గడిలోవి కాకుండా, ఒక్కో సంఖ్యనూ వేరే నిలువు గడి నుంచి తీసుకుంటూ, ఎనిమిదేసి చొప్పున మొత్తం కట్టండి. ఒరుగు మాయమవుతుంది! ఒక అడుగు మరో అడుగును కనే వారసత్వాన్ని సహసంబంధం పట్టుకోలేకపోయింది, ఒరుగు పట్టుకుంది. ఈ పటం నాకు ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు.

రెండు జాగ్రత్తలు. 4 బదులు 3.2 పెడితే వరస రెండు విలువల మధ్య ఊగుతూ ఉండిపోతుంది, గంట రాదు. ఇక సంఖ్యను రెట్టింపు చేసి పూర్ణాంకాన్ని వదిలేసే మరో ప్రసిద్ధ లెక్క కాగితం మీద కేయాస్ అయినా, కంప్యూటర్ సంఖ్యలను రెండు ఆధారంగా (0, 1 అంకెలతో), పరిమిత అంకెల్లో దాచుకోవడం వల్ల యాభై అరవై అడుగుల్లో సున్నాకు చేరి ఆగిపోతుంది.