శాతం ఒక్కటే చెప్పి ఆపేయకండి

కొత్త పరిశోధన గురించి మామూలు జనానికి చెప్పేటప్పుడు ‘ముప్పు ఇంత శాతం పెరిగింది’ అని వదిలేయకండి. ఎంత నుంచి ఎంతకు పెరిగిందో కూడా అదే వాక్యంలో చెప్పండి.

1995 అక్టోబరులో బ్రిటన్‌లో ఏం జరిగిందో చూడండి. కొత్త తరం గర్భనిరోధక మాత్రలతో సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు రెట్టింపు అవుతుందని అధికారులు హెచ్చరించారు. మాట అబద్ధం కాదు. కానీ పాత మాత్రలు వాడే ప్రతి 7,000 మందిలో సుమారు ఒకరికి వచ్చే సమస్య, కొత్తవాటితో ఇద్దరికి వస్తుందని దాని అర్థం. ‘రెట్టింపు’ అని చెవిన పడేసరికి చాలామంది హడలిపోయి మాత్రలు మానేశారు. మరుసటి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లలో సుమారు 13,000 అబార్షన్లు అదనంగా జరిగాయని అంచనా. పైగా గర్భం వస్తే రక్తం గడ్డకట్టే ముప్పు ఆ మాత్రలతో కన్నా ఎక్కువ! తలుచుకుంటే బాధేస్తుంది.

అందుకే రాసేముందు వెయ్యి మందిని ఊహించుకోండి. ‘మందు వాడకపోతే వెయ్యిలో నలుగురికి, వాడితే ముగ్గురికి’ అంటే ఎవరికైనా అర్థమవుతుంది. అదే సంగతి ‘25 శాతం తగ్గింది’ అంటే ఏదో అద్భుతంలా వినిపిస్తుంది. వీలైతే వెయ్యి చుక్కలు పెట్టి, నాలుగింటికి రంగు వేసి చూపించండి.

పరిశోధనా పత్రం సారాంశంలో శాతమే ఉంటే లోపలి పట్టికలు వెతకండి, అసలు సంఖ్యలు సాధారణంగా అక్కడే ఉంటాయి. దొరక్కపోతే పరిశోధకులకే మెయిల్ పెట్టండి. ఇంకోటి, ప్రయోగం ఎలుకల మీద జరిగితే ఆ ముక్క హెడ్డింగ్‌లోనే ఉండాలి.