కొత్త ఇంటికి వచ్చిన పిల్లికి ముందు కావలసింది ఒక చిన్న గది

ఇంట్లోనే పెరిగే పిల్లి 15 ఏళ్లు, ఒక్కోసారి 20 ఏళ్లు కూడా బతుకుతుంది కాబట్టి, దత్తత తీసుకోవాలనుకునేవారు అంతకాలం దాని బాధ్యత మోయగలరో లేదో ముందే ఆలోచించుకోవాలి. సంరక్షణ కేంద్రంలో పిల్లి అందచందాలకన్నా దాని గతాన్ని గురించి ఎక్కువగా అడగాలి: ఏం తింటోంది, ఏ టీకాలు ఎప్పుడు వేశారు, ఎఫ్‌ఐవీ, లుకేమియా అనే, పిల్లుల రోగనిరోధక శక్తిని దెబ్బతీసే వైరస్‌ల పరీక్షలు చేశారా, పసితనంలో మనుషుల మధ్య మసలిందా? పుట్టిన 2 నుంచి 7 వారాల మధ్య మనిషి చేతి స్పర్శ ఎరుగని పిల్లి మచ్చిక కావడానికి నెలలు పట్టవచ్చు. అది దాని తప్పు కాదు.

తెచ్చిన రోజే ఇల్లంతా తిప్పి చూపాలన్న ఆత్రం మంచిది కాదు. నీళ్లు, తిండి, లిట్టర్ ట్రే (మలమూత్రాలకు ఇసుకలాంటిది నింపి ఉంచే పళ్లెం), దాక్కోవడానికి ఒక అట్టపెట్టె అమర్చిన చిన్న గదిలో, పిల్లిని తెచ్చిన పంజరం తలుపు తెరిచి, అది తనంతట తాను బయటికి వచ్చేదాకా ఆగాలి. చాలా పిల్లులు మంచం కిందికి దూరి, పగలంతా గోడకు అంటుకుని ఉండి, ఇల్లు సద్దుమణిగాక బయటికి వచ్చి గిన్నె ఖాళీ చేస్తాయి. దాన్ని బయటికి లాగకుండా రోజూ కాసేపు ఆ గదిలో నేలమీద కూర్చుని, మెల్లగా మాట్లాడుతూ, కళ్లలోకి తేరిపార చూడకుండా రెప్పలు నెమ్మదిగా మూసి తెరవాలి. కొన్నాళ్లకు అది కూడా అలాగే రెప్పలు వాలుస్తుంది. అప్పుడు ఒక వేలు దాని ముక్కు ఎత్తులో చాచి ఉంచితే, వాసన చూసి, బుగ్గను ఆ వేలికి రాసుకుంటుంది. బుగ్గల్లోని గ్రంథుల వాసనను అలా మనకు అంటించడం స్నేహానికి గుర్తు. అయితే 24 గంటలు దాటినా ఏమీ తినకపోతే పశువైద్యుణ్ణి సంప్రదించాలి, ఎందుకంటే కొన్ని రోజులు పస్తున్న పిల్లికి, ముఖ్యంగా లావుగా ఉన్నదానికి, కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి రావచ్చు.

లిట్టర్ ట్రేలు పిల్లుల సంఖ్యకన్నా ఒకటి ఎక్కువగా, తిండిగిన్నెకు దూరంగా ఉండాలి. రోజూ శుభ్రం చేయాలి. గర్భిణులు ఆ పని ఇతరులకు అప్పగించడం మేలు.

పిల్లి అనగానే మనకు పాలగిన్నె గుర్తొస్తుంది గాని, ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు. పిల్లి మాంసాహారి; టారిన్ అనే పోషకం చాలకపోతే దాని చూపు, గుండె దెబ్బతింటాయి కాబట్టి, శాకాహారంతోనో కుక్కల ఆహారంతోనో సరిపెట్టకూడదు. తిండి మార్చాలంటే పాతదానిలో కొత్తది కొద్దికొద్దిగా కలుపుతూ 7 నుంచి 10 రోజుల్లో మార్చాలి. ఉల్లి, వెల్లుల్లి పెట్టకూడదు. పారాసిటమాల్, కుక్కల ఒంటిమీది పురుగులకు వాడే పెర్మెత్రిన్ పిల్లి ప్రాణం తీయగలవు. లిలియం జాతి లిల్లీలైతే పుప్పొడి నాకినా మూత్రపిండాలు చెడిపోవచ్చు కనుక, ఆ మొక్కలను ఇంట్లో ఉంచనే కూడదు.

మొదటి వారంలోనే వైద్య పరీక్ష చేయించాలి. కూనలకు 6 నుంచి 8 వారాల వయసులో మొదలుపెట్టి, 16 వారాలు నిండేదాకా 3, 4 వారాలకోసారి టీకాలు వేయించాలి. నులిపురుగుల మందు, రేబిస్ టీకా వైద్యుడు చెప్పిన ప్రకారం ఇప్పించాలి. ఆడ పిల్లి 4 నెలల వయసుకే చూలు కట్టగలదు కాబట్టి, పిల్లలు పుట్టకుండా చేసే శస్త్రచికిత్సను వాయిదా వేయకూడదు. మగ పిల్లి మాటిమాటికీ ట్రేలో కూర్చుని ముక్కుతూ మూత్రం పోయలేకపోతుంటే, తెల్లవారేదాకా ఆగకుండా అప్పటికప్పుడే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

ఎంత ప్రయత్నించినా పెంచడం సాధ్యం కాని పరిస్థితి వస్తే, పిల్లిని వీధిలో వదలకుండా, తెచ్చిన కేంద్రానికే దాని వైద్య పత్రాలతో సహా తిరిగి అప్పగించాలి.