చెల్లో, పియానోలపై బార్తోక్ ‘రుమేనియన్ జానపద నృత్యాలు’: సాధన చేసే పద్ధతి

హంగేరీ సంగీత రచయిత బేలా బార్తోక్ ట్రాన్సిల్వేనియాలోను (నేటి రుమేనియాలోని ప్రాంతం), దాని పరిసర పల్లెల్లోను ఫిడేలు, పిల్లనగ్రోవి వాయించేవారి నుండి సేకరించిన బాణీలను ఆధారంగా చేసుకొని 1915లో పియానో కోసం ఆరు చిన్న రచనలు కూర్చారు. చెల్లో (వయోలిన్ కుటుంబానికి చెందిన పెద్ద తీగ వాద్యం) విద్వాంసుడు లుయీజీ సిల్వా వాటిని చెల్లో, పియానోలకు అనువుగా మలిచారు. ఆరూ కలిపి ఆరేడు నిమిషాలకు మించవు కాబట్టి సులభమని భావించి వీటిని ఎంచుకునేవారు చాలామంది. స్వరాలు త్వరగానే పట్టుబడతాయి గాని, నడక పట్టుబడటానికే సమయం కావాలి.

అందువల్ల సాధనను పియానో ఎడమచేతి భాగంతో మొదలుపెట్టండి. ఈ రచన మొదట పియానోదే. నృత్యకారుడి పాదాలు అందులోనే ఉన్నాయి. పియానో వాద్యకారులు ఆ భాగాన్ని ఒంటరిగా వాయిస్తుండగా, చెల్లో వాద్యకారులు వాద్యాన్ని పక్కన పెట్టి తమ బాణీని నోటితో పాడాలి. కమాను పట్టుకోవడం ఆ తర్వాతి పని.

మొదటిదైన కర్ర నృత్యంలో తొందర పనికిరాదు. కమానును తీగపై గట్టిగా ఆనించి, ప్రతి స్వరాన్ని స్పష్టంగా మొదలుపెట్టాలి. రెండవదైన ‘బ్రవుల్’ తేలికగా, తక్కువ కమానుతో సాగుతుంది.

మూడవదైన ‘పె లోక్’ దగ్గర ఎక్కువ రోజులు ఆగడం మంచిది. నర్తకులు నిలిచిన చోటే ఆడే ఈ నృత్యంలో పియానో ఎడమచేయి శ్రుతిలా నిలిచి ఉంటే, బాణీ పిల్లనగ్రోవి నాదాన్ని తలపిస్తూ పైన కదులుతుంది. ఇందులో మూడు అర్ధస్వరాల ఎడం ప్రధానమైనది. కర్ణాటక సంగీతం నేర్చినవారికి మాయామాళవగౌళలో శుద్ధ రిషభానికి, అంతర గాంధారానికి మధ్య ఉన్న దూరంగా ఇది పరిచితమే. చెల్లోపై వేళ్లు బాగా చాచవలసి రావడంతో ఆ ఎడం కుదించుకుపోతుంది. పియానోపై ఆ రెండు స్వరాలను వాయించి, వాటితో సరిచూసుకోండి. గమకం వేయాలనే కోరికను ఇక్కడ అణచుకోవాలి. తీగపై వేలిని ఊపి తెచ్చే కంపనం (వైబ్రాటో) కూడా వీలైనంత తగ్గించాలి.

బుచుం ప్రాంతపు నాలుగవ నృత్యం మూడు దెబ్బల లెక్కలో ఉన్నా, దానిని వాల్ట్స్‌గా (మొదటి దెబ్బ బరువుగా పడే యూరోపియన్ జంట నృత్యంగా) మార్చకండి. ప్రతి బార్‌లోనూ (లయ ఆవర్తంలోనూ) మొదటి దెబ్బపై బరువు వేస్తే దీర్ఘమైన స్వరవాక్యం ముక్కలవుతుంది.

ఐదవదైన ‘పోర్గ’లో రెండు దెబ్బల బార్‌లు, మూడు దెబ్బల బార్‌లు కలగలిసి వస్తాయి. మొదటి రకాన్ని ‘తక’ అని, రెండవ రకాన్ని ‘తకిట’ అని ఇద్దరూ కలిసి చెబుతూ చప్పట్లు కొట్టండి. లెక్క తడబడకుండా నిలిచాకే వేగం పెంచండి. చివరిదైన ‘మరుంత్సెల్’ దీని వెంటనే ఆగకుండా వస్తుంది, పైగా చివరికి మరింత వేగం అందుకుంటుంది. అందువల్ల ఇద్దరూ స్పష్టంగా వాయించగల ముగింపు వేగాన్ని ముందుగా నిర్ణయించుకొని, అక్కడి నుండి వెనక్కి లెక్కించి ప్రారంభ వేగాన్ని ఎంచుకోవాలి. ఈ భాగంలో పియానో పెడల్ (స్వరాలను మోగుతూ నిలిపి ఉంచే కాలి మీట) దాదాపు వాడకూడదు, ఎందుకంటే చెల్లో కింది స్థాయి స్వరాలు ఆ మోతలో మునిగిపోతాయి.

ఈ నృత్యాలను వయోలిన్, పియానోలకు మలచిన రూపాన్ని వయోలిన్ విద్వాంసుడు జోసెఫ్ సిగెతితో కలిసి బార్తోక్ స్వయంగా వాయించిన 1930 నాటి రికార్డింగ్ లభిస్తుంది. స్కోరును (రాసిన స్వరలిపిని) ఎదురుగా పెట్టుకొని దానిని వినండి. రాసిన లయను వారు ఎక్కడ సడలించారో, ఎక్కడ బిగించారో పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి.